కొండను తవ్వి సాలీడును పట్టారా?

1990 నవంబరులో అమెరికాలోని ఏబీసీ చానల్ 'ఇట్' అనే భయానక కథను రెండు రాత్రుళ్ళు వేసింది. 18న మొదటి సగం, ఒక రోజు విడిచి 20న రెండో సగం. మొదటి రాత్రి సుమారు కోటీ 75 లక్షల ఇళ్ళలో చూశారు. రెండో రాత్రికి ఆ లెక్క కోటీ 92 లక్షలకు పెరిగింది. మొదటి రాత్రి జడుసుకున్నవాళ్ళు మర్నాడంతా ఆఫీసుల్లోనూ బడుల్లోనూ అదే కథ చెప్పుకుని ఉంటారు, చూడనివాళ్ళకు నోరూరించి ఉంటారు. తమాషా ఏమిటంటే, అంతమంది కాచుక్కూర్చుని చూసిన ఆ రెండో సగమే ముప్పై అయిదేళ్ళుగా తిట్లు తింటోంది.

ఆ తిట్లలో ఒకటి 'ఇట్' చూసిన ప్రతివాడికీ కంఠతా వచ్చు. "ఇంతా చేసి చివరికి సాలీడా?" టిమ్ కర్రీ వేసిన పెన్నీవైజ్ అనే జోకరు మురుగుకాల్వ తూములోంచి తొంగిచూసి ఆరేళ్ళ పిల్లవాడితో ముద్దుముద్దుగా మాట్లాడిన క్షణం నుంచి మనని మంచానికి కట్టేస్తాడు. తీరా పెద్దవాళ్ళు నేల కింది గుహలోకి దిగి వాడి అసలు రూపం చూసేసరికి, కాళ్ళు ఒకదానికొకటి పొంతన లేకుండా ఆడించే ఓ పెద్ద సాలీడు బొమ్మ. నలుగురు నడివయసువాళ్ళు దాన్ని తోసి వెల్లకిలా పడేసి, చేతులతో గుండె పెరికేస్తారు. కొండను తవ్వి ఎలుకను పట్టారని మనవాళ్ళంటారు. ఇక్కడ సాలీడును పట్టారు.

నాకూ ఆ బొమ్మ నచ్చలేదు. కానీ రెండో సగం చెడింది ఆ బొమ్మ వల్లనేనన్న తీర్పు మాత్రం నాకు మింగుడుపడదు. ఈ రోగికి నొప్పి ఒకచోట, రోగం ఇంకోచోట. అది తేల్చుకోవడానికి పక్కన ఇంకో రోగిని పడుకోబెట్టి చూడాలి. అలాంటి రోగి ఒకడున్నాడు, వాడు ఆరోగ్యంగా బయటపడ్డాడు కూడా.

'ఇట్' కంటే పదకొండేళ్ళ ముందు, 1979 నవంబరు 17న, 24న సీబీఎస్ చానల్ 'సేలమ్స్ లాట్' ప్రసారం చేసింది. మూలకథ రాసింది రెండింటికీ ఒక్కడే, స్టీఫెన్ కింగ్. ఇదీ రెండు రాత్రుళ్ళ కథే, ప్రకటనలు తీసేస్తే ఇదీ మూడు గంటల పైమాటే. చిన్న ఊరు, ఊళ్ళో ఒక పాడుచోటు, అందులో ఒక పీడ, చిన్నప్పుడు ఆ చోట భయపడి పెద్దయ్యాక తిరిగొచ్చిన రచయిత. ఇవీ రెండింటికీ ఉమ్మడి ఆస్తే. దర్శకులు మాత్రం వేరు. దీన్ని తీసింది టోబీ హూపర్, దాన్ని తీసింది టామీ లీ వాలెస్. ఇలా ఇంటిపేరు ఒకటే అయిన రెండు కథల్లో ఒకదాని రెండో సగాన్ని జనం నెత్తిన పెట్టుకున్నారు, రెండోదాని రెండో సగాన్ని మెట్లమీంచి తోసేశారు. ఎందుకని?

'ఇట్' గురించి వినే ఫిర్యాదులను జల్లెడ పడితే మూడు మిగులుతాయి. సాలీడు సంగతి చెప్పాను. రెండోది, పిల్లలు బావున్నారు, పెద్దవాళ్ళు బాలేరు అనే మాట. మూడోది, రెండో సగంలో అంతా అక్కడక్కడే తిరుగుతుంది, ఒక్కొక్కళ్ళు ఒక్కోచోటికి వెళ్ళి ఒక్కోసారి జడుసుకుని వస్తారు, అంతే అనే విసుగు.

ఈ రెండో ఫిర్యాదు నాకు మా మేనల్లుడి నోట తాజాగా వినబడింది. వాడు బీటెక్ చదువుతున్నాడు, కొత్త 'ఇట్' సినిమాలు ఫోనులోనే చూసేసిన తరం. పాతది చూద్దాం రమ్మని శని, ఆదివారాలు రెండు రాత్రుళ్ళు కూర్చోబెట్టాను. మొదటి రాత్రి దిండు ఒళ్ళో పెట్టుకుని మాట్లాడకుండా చూశాడు. రెండో రాత్రి చైనా హోటల్లో స్నేహితులంతా ముప్పై ఏళ్ళ తర్వాత కలుసుకుని ఒకళ్ళ పొట్టలూ బట్టతలలూ ఒకళ్ళు చూసి నవ్వుకునే చోట, "ఏంటి మామయ్యా, పదో తరగతి బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనంలా ఉంది! శాలువాలు ఎప్పుడు కప్పుతారు?" అన్నాడు. నవ్వాను గానీ, ఆ మాట నన్ను వదల్లేదు. ఒక రకంగా అది ఆత్మీయ సమ్మేళనమే. వచ్చినవాళ్ళకి తమ చిన్నతనం గుర్తులేకపోవడం ఒక్కటే తేడా.

మొదటి సగం ఎందుకు పట్టుకుంటుందో ఇక్కడే తెలుస్తుంది. చాలామంది అది పిల్లల కథ అనుకుంటారు. మళ్ళీ చూడండి, అది పిల్లల కథగా మొదలవ్వదు. 1990లో, డెర్రీ అనే ఊళ్ళో ఒక చిన్నపిల్ల చనిపోతుంది. ఊరు వదలకుండా అక్కడే గ్రంథపాలకుడిగా ఉండిపోయిన మైక్ ఒక్కొక్క స్నేహితుడికీ ఫోన్ చేస్తాడు. ఫోనెత్తినవాడు బాగా స్థిరపడినవాడు, ఇల్లూ పేరూ డబ్బూ ఉన్నవాడు. "మైక్‌ని మాట్లాడుతున్నా, డెర్రీ నుంచి" అనగానే వాడి మొహంలో రంగు మారుతుంది. అప్పుడు 1960 తెరుచుకుంటుంది. తమ్ముడికి కాగితప్పడవ చేసిచ్చిన బిల్ కథ, తండ్రి చేతికి భయపడే బెవర్లీ కథ, లావుగా ఉన్నాడని అందరూ ఏడిపించే బెన్ కథ. ఒక్కో ఫోనుకూ ఒక్కో బాల్యం. లారెన్స్ డి. కోహెన్ రాసిన ఈ అల్లిక చాలా తెలివైనది. కింగ్ నవల వెయ్యి పేజీలు దాటింది, అందులో అప్పటి కథా ఇప్పటి కథా జడపాయల్లా చివరిదాకా కలిసి నడుస్తాయి. టీవీ వాళ్ళకు అంత జాగా లేదు. మొదట్లో ఎనిమిది పది గంటల కార్యక్రమం అనుకున్నది కత్తిరిస్తూ కత్తిరిస్తూ రెండు రాత్రుళ్ళకు దించారు. అయినా కోహెన్ మొదటి రాత్రిలో ఆ జడను కాపాడాడు. పెద్దవాడి మొహం, వెంటనే పిల్లవాడి మొహం. జరగబోయేది భయపెట్టడం ఒక ఎత్తు, మరిచిపోయింది గుర్తుకు రావడం ఇంకో ఎత్తు. ఈ రెండో భయమే 'ఇట్'కి ప్రాణం.

మొదటి రాత్రి ముగిసేది కూడా పిల్లల గెలుపుతో కాదు. ఆఖరి ఫోను స్టాన్‌కి వస్తుంది. వాడికీ అంతా గుర్తొస్తుంది. స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటాడు. భార్య తలుపు తీసేసరికి గోడమీద నెత్తురుతో రెండక్షరాలు. ఆ రాత్రి అమెరికాలో ఎన్ని ఇళ్ళలో స్నానాల గది దీపం వెలుగుతూనే ఉండిపోయిందో.

ఇక రెండో రాత్రి చేతిలో ఏం మిగిలింది? జడలో ఒక పాయే మిగిలింది. చిన్నతనం మొత్తం మొదటి రాత్రే ఖర్చయిపోయింది. గుర్తుకు రావలసినదంతా వచ్చేసింది, చూసేవాడికీ తెలిసిపోయింది. ఇక మిగిలింది ఊళ్ళోకి రావడం, భయపడటం, గుహలోకి దిగడం. ఈ భాగం స్క్రిప్టును వాలెస్ తిరగరాశాడు. పాపం, అతనికి ఇచ్చిన వాటా అది. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు పెద్దవాడికి పండే పొలం, చిన్నవాడికి చెరువు అవతలి రాళ్ళచేను వచ్చినట్టు.

దాంతో ఆ మూడో ఫిర్యాదు, అక్కడక్కడే తిరగడం, తప్పనిసరైంది. ఆ స్నేహితుల్లో ఒకడైన రిచీ గ్రంథాలయంలోకి వెళితే పైఅంతస్తులో జోకరు కూర్చుని పాత జోకులు చెబుతాడు, బుడగలు పగిలి చదువుకునేవాళ్ళ మీద నెత్తురు చిందుతుంది, ఒక్కరూ తల ఎత్తరు. బెవర్లీ తను పుట్టి పెరిగిన ఇంటికి వెళితే ఒక ముసలావిడ తేనీరు ఇస్తుంది, చూస్తుండగానే ఆ కప్పులోది నెత్తురవుతుంది, ఆవిడ చచ్చిపోయిన తండ్రి అవుతుంది. విడివిడిగా చూస్తే ఇవి మంచి దృశ్యాలు. గ్రంథాలయం దృశ్యమైతే మొత్తం కార్యక్రమంలో నా లెక్కన మొదటి మూడింట్లో ఒకటి. పక్కవాడి నెత్తిన నెత్తురు పడుతున్నా వాడికి తెలియకపోవడం కంటే ఒంటరితనం ఏముంటుంది? కానీ ఒక దృశ్యం నుంచి ఇంకో దృశ్యం పుట్టదు. దేన్ని ముందు పెట్టినా దేన్ని వెనక పెట్టినా కథకు నష్టం రాదు. చూసేవాడికి ఈ లెక్క మాటల్లో చెప్పడం రాకపోవచ్చు, కాని తెలుస్తుంది. తెలిసి, విసుక్కుంటాడు. ఆ విసుగును చివర్లో కనబడ్డ సాలీడు మీద దింపుతాడు.

ఇప్పుడు 'సేలమ్స్ లాట్' దగ్గరికి వద్దాం.

దీని మొదటి సగం అంటే జనానికి గుర్తొచ్చేది కిటికీ. తప్పిపోయిన తమ్ముడు పొగమంచులో తేలుతూ వచ్చి, నవ్వుతూ, అన్న గది అద్దాన్ని గోళ్ళతో గీరే దృశ్యం. పిల్లవాణ్ణి తీగలకు వేలాడదీయకుండా క్రేను చేతికి బిగించి తీశారు, ఫిల్ముని వెనక్కు నడిపించారు. అందుకే ఆ కదలికలో ఎక్కడా బరువు ఉండదు, పొగ కూడా వింతగా ప్రవర్తిస్తుంది. ఆ తరం అమెరికన్లలో కిటికీ తెరలు లాగకుండా పడుకోలేని వాళ్ళు ఇప్పటికీ ఉన్నారంటే ఆశ్చర్యం లేదు. మొదటి సగంలో ఇంత ఉన్నా, 'రెండో సగం దిగజారింది' అనే మాట మాత్రం దీని గురించి అరుదుగా వింటాం. ఉన్న ఫిర్యాదులు వేరే రకం. నత్తనడక అంటారు. నవల చదివినవాళ్ళైతే బార్లోని పాడుచేశారంటారు.

బార్లో అంటే ఆ ఊరికి పట్టిన పీడ, రక్తపిశాచి. నవలలో వాడు మాటకారి. పెద్దమనిషిలా ఉంటాడు, ఉత్తరాలు రాస్తాడు, ఎదుటివాడితో నాగరికంగా వాదిస్తాడు. టీవీలో నిర్మాత రిచర్డ్ కోబ్రిట్జ్ దాన్ని పూర్తిగా తిప్పేశాడు. రెగ్గీ నాల్డర్‌కి నీలిరంగు చర్మం, బోడిగుండు, ఎలుకపళ్ళు పెట్టి, పాత మూకీ సినిమా 'నోస్‌ఫెరాటు'లోని పిశాచిలా తయారుచేశారు. ఒక్క మాట మాట్లాడనివ్వలేదు. మాటలన్నీ వాడి మనిషి స్ట్రేకర్‌వి, అంటే జేమ్స్ మేసన్‌వి. పాతసామాన్ల కొట్టు పెట్టుకుని, సూటు వేసుకుని, ఊరందరితో మర్యాదగా మాట్లాడే స్ట్రేకర్ మొదటి సగమంతా తన భాగస్వామి గురించి చెబుతూనే ఉంటాడు. ఆ భాగస్వామి మాత్రం కనబడడు. ఎవరొస్తున్నాడో మనకు తెలుసు, ఎలా ఉంటాడో తెలియదు.

వాడు మొహం చూపించేది రెండో సగంలోనే. లాకప్‌లో ఉన్న ఒక మనిషి ముందు హఠాత్తుగా లేస్తుంది ఆ మొహం. తర్వాత పీట్రీల వంటింట్లో. ఆ వంటింటి దృశ్యం గురించి ఒక్క క్షణం ఆగుతాను. భోజనాల బల్ల, తల్లి, తండ్రి, కొడుకు మార్క్, ఊరి చర్చి ఫాదర్ కల్లహాన్. పిశాచాలున్నాయా లేవా అని మాట్లాడుకుంటున్నారు, మనింట్లో చేతబడి ఉందా లేదా అని వాదించుకున్నట్టు. ఇల్లు ఊగుతుంది. కిటికీలోంచి ఏదో నల్లమూట వచ్చి నేలమీద పడుతుంది. ఆ మూట నిలువునా పైకి లేస్తుంది. అది బార్లో. తల్లిదండ్రుల తలలు రెండూ పట్టుకుని ఒకదానికొకటి కొట్టేస్తాడు, కొబ్బరికాయలు కొట్టినంత తేలిగ్గా. మాటలు చెప్పడానికి స్ట్రేకర్ వస్తాడు. నీ శిలువ విసిరేసి రా, నీ నమ్మకం గొప్పదో నా యజమాని నమ్మకం గొప్పదో తేల్చుకో అంటాడు. ఫాదర్ నిలవలేకపోతాడు. అంతే. కరెంటు బల్బు వెలుతురులో, సాంబారు గిన్నెలాంటి మామూలు సామాను మధ్య, దైవం ఓడిపోతుంది. నవలలో ఫాదర్ పతనం ఇంకా పొడుగ్గా, ఇంకా హీనంగా ఉంటుంది. టీవీలో అంత అక్కర్లేకపోయింది.

రెండో సగంలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. శవాల గదిలో దుప్పటి కింద శవం కదులుతుంటే, ఊరికి తిరిగొచ్చిన రచయిత బెన్ మియర్స్ డాక్టర్లు నాలుక నొక్కి చూసే చెక్కపుల్లలు రెండు తీసుకుని, ప్లాస్టరు చుట్టి శిలువ చేసుకుంటాడు. చేతులు వణుకుతుంటాయి, ప్లాస్టరు చుట్టుకోదు. భయమంటే నాకు ఇది. ఊళ్ళోని పాడుచోటైన మార్స్‌టెన్ బంగళాలో డాక్టర్ నార్టన్‌ని స్ట్రేకర్ ఎత్తి, గోడకున్న దుప్పికొమ్ములకు గుచ్చేస్తాడు. ఊళ్ళో అందరినీ మర్యాదగా పలకరించే మనిషే.

రెండింటినీ పక్కపక్కన పెడితే నాకు ముందుగా కనబడేది మాట నిలబెట్టుకోవడం. 'సేలమ్స్ లాట్' మొదటి రాత్రి ఒకణ్ణి తీసుకొస్తానని మాటిచ్చింది, రెండో రాత్రి తీసుకొచ్చింది. వాడు చివరిదాకా వాడే. 'ఇట్' మొదటి రాత్రే పెన్నీవైజ్‌ని ఇచ్చేసింది. మొహం తెలుసు, గొంతు తెలుసు, నవ్వు తెలుసు. మనం భయపడటం నేర్చుకున్నది వాడికి. రెండో రాత్రి చివర్లో వాణ్ణి తీసేసి, మనకు ముఖపరిచయం లేనిదాన్ని ముందు నిలబెట్టారు. అది ఎంత బాగా తయారుచేసిన సాలీడైనా ఈ లోటు తీరేది కాదు. నిశ్చితార్థం ఒకరితో, తాళి వేళకు పీటలమీద ఇంకొకరు. పెళ్ళికొడుకు ఎంత అందగాడైతే ఏం?

ఇంతకంటే లోతైన తేడా ఇంకొకటుంది, నేను ఎక్కువసార్లు చూసిన కొద్దీ ఇదే అసలు సంగతనిపిస్తోంది. 'సేలమ్స్ లాట్' రెండో సగంలో పిల్లవాడు ఉన్నాడు. మార్క్ పీట్రీ. గదినిండా రాక్షసుల బొమ్మలు, ఇంద్రజాలం సామాను పెట్టుకుని పెద్దవాళ్ళ చేత చీవాట్లు తినే కుర్రవాడు. పెద్దవాడైన బెన్‌కి చిన్నప్పుడు మార్స్‌టెన్ బంగళాలో తగిలిన భయం ఇంకా మానలేదు. ఆ భయం అప్పుడే తాజాగా పట్టుకున్న కుర్రవాడు పక్కనే నడుస్తున్నాడు. బంగళా కింది నేలమాళిగలో, పొద్దు గూకుతుండగా బార్లో పెట్టె తెరిచి మేకు దించేటప్పుడు, ఒక నడివయసూ ఒక పసివయసూ కలిసే ఉంటాయి. 'ఇట్'లో జడపాయలుగా నడవాల్సిన రెండు వయసులు ఇక్కడ రెండు శరీరాలై ఒకే చోట నిలబడ్డాయి. 'ఇట్' రెండో సగంలోంచి మాత్రం పిల్లలు దాదాపుగా వెళ్ళిపోయారు. పెద్దవాళ్ళు నటించలేదని జనం అంటారు గానీ, నాకలా అనిపించదు. వాళ్ళ పక్కన ఉండాల్సిన మనుషులు లేరు, అదీ సంగతి.

నటుల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. అమెరికా ప్రేక్షకులకు 'ఇట్'లోని ఆ పెద్దవాళ్ళలో చాలామంది టీవీలో ముందే అలవాటైన మొహాలు. రిచర్డ్ థామస్ అంటే 'ది వాల్టన్స్'లో మంచిబ్బాయి. జాన్ రిటర్, హారీ ఆండర్సన్, టిమ్ రీడ్ హాస్య ధారావాహికల్లో నవ్వించినవాళ్ళు. వాళ్ళు భయపడితే అక్కడివాళ్ళకు భయం పుట్టకపోయి ఉండొచ్చు. మనకా గొడవ లేదు. ఆ మొహాలు మనకు కొత్త. అందువల్ల నాకు 'ఇట్'లో జాన్ రిటర్ బెన్‌గా చాలా నచ్చాడు. నవ్వుతున్నప్పుడు కూడా లావుపాటి పిల్లవాడు లోపల ఎక్కడో తలవంచుకుని నిలబడి ఉన్నట్టుంటాడు. మొహాలు తెలిసుండటమే దోషమైతే, 'సేలమ్స్ లాట్' బెన్ మియర్స్ వేసిన డేవిడ్ సోల్ కూడా 'స్టార్‌స్కీ అండ్ హచ్' పోలీసుగా ఇంటింటికీ తెలిసినవాడే. అతన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

నా వాదానికి బలమైన సాక్ష్యం టీవీలో లేదు, సినిమాలో దొరికింది. ఆండీ ముస్కియెట్టి 2017లో పిల్లల కథనంతా ఒక సినిమాగా, 2019లో పెద్దవాళ్ళ కథను ఇంకో సినిమాగా తీశాడు. మొదటిది ప్రపంచమంతా కలిపి 70 కోట్ల డాలర్లు చేసింది, రెండోది 47 కోట్ల దగ్గర ఆగింది. డబ్బుకు లోటు లేదు. కంప్యూటరు బొమ్మలకు లోటు లేదు. జోకరు మొహం చివరిదాకా పోలేదు, సాలీడు కాళ్ళకు పైన అదే మొహం పెట్టారు. జెస్సికా చాస్టెయిన్, జేమ్స్ మెకవాయ్, బిల్ హేడర్ నటించారు. అయినా వినబడ్డ మాటలు ఏమిటో చూడండి. పిల్లలు బావున్నారు, పెద్దవాళ్ళు అంత కాదు. అక్కడక్కడే తిరిగింది. ముగింపు నప్పలేదు. ముప్పై ఏళ్ళ కిందటి అవే మూడు ఫిర్యాదులు, తుచ తప్పకుండా. రబ్బరు సాలీడే దోషి అయితే, అది లేనిచోట ఈ ఫిర్యాదులు ఎందుకొచ్చాయి?

దర్శకుడికీ ఈ సంగతి తెలిసినట్టే ఉంది. 2019 సినిమాలో పిల్లల కొత్త దృశ్యాలు తీసి మధ్యమధ్య గుచ్చాడు. ఈలోగా ఆ పిల్లలు ఎదిగిపోతే కంప్యూటరుతో మొహాలు చిన్నవి చేయించాడు. విప్పేసిన జడను మళ్ళీ అల్లబోయాడన్న మాట. కానీ ఆ దృశ్యాలు కథకు అవసరమై రాలేదు, లోటు పూడ్చడానికి వచ్చాయి. రెండు గంటల 49 నిమిషాల సినిమాలో ఒక్కొక్కరు ఒక్కో వస్తువు వెతుక్కుంటూ విడివిడిగా ఊరంతా తిరుగుతారు, విడివిడిగా జడుసుకుంటారు. చివరికి అందరూ చుట్టూ చేరి నువ్వెంత, నీ బతుకెంత అని తిట్టితిట్టి జోకరును పసిపిల్లంత చేసి, గుండె పెరుకుతారు. ఈ ముగింపు చూశాక నాకు 1990 సాలీడు మీద కొంచెం జాలి కూడా కలిగింది. అన్నట్టు, ఈ సినిమాలో బిల్ అనే రచయితకు కథ ముగించడం రాదన్నది ఒక నడుస్తున్న వేళాకోళం. స్టీఫెన్ కింగే పాతసామాన్ల కొట్టువాడిగా తెరమీదకొచ్చి, నీ పుస్తకం ముగింపు నాకు నచ్చలేదని బిల్‌తో అంటాడు. తన మీద పడిన నిందను తనే నవ్వుతూ భుజాన వేసుకున్నాడు పెద్దాయన.

'సేలమ్స్ లాట్'కీ ఇలాంటి రెండో పరీక్ష జరిగింది. 2004లో టీఎన్‌టీ చానల్ మళ్ళీ తీసింది. అందులో బార్లోగా రట్గర్ హవర్ నవలలోలాగే మాట్లాడతాడు. మూలానికి దగ్గర. అయినా ఇవాళ బార్లో అనగానే జనం కళ్ళముందు కదిలేది ఆ మాట్లాడని నీలిమొహమే. నవల చదివినవాళ్ళ ఫిర్యాదు న్యాయమైనదే, కాని తెర వాళ్ళతో ఏకీభవించలేదు.

అలాగని 1979 రెండో సగం నిర్దోషి అనను. బెన్ ప్రేమించిన సూసన్ ఒంటరిగా ఆ బంగళాలోకి నడిచి వెళ్ళడం చూసి, ఇదీ నాతో కూర్చుని చూసిన మా మేనల్లుడు సోఫాలోంచి లేచి నిలబడ్డాడు. "ఈవిడకి ఫోను లేదు సరే, బుర్ర కూడా లేదా?" నేను సమర్థించబోలేదు. నవలలో ఆమె కథ మధ్యలోనే బెన్ చేతుల్లో ముగుస్తుంది, అది గుండె పిండే ఘట్టం. టీవీలో ఆమెను చివరిదాకా దాచి, రెండేళ్ళ తర్వాత గ్వాటెమాలాలో మంచంమీద పిశాచిగా ప్రత్యక్షం చేశారు. కథ మొదలైంది కూడా అక్కడే, బెన్, మార్క్ చర్చిలో పవిత్రజలం సీసాల్లో నింపుకుంటుండగా. సీసాలో నీళ్ళు వెలిగితే పిశాచి దగ్గర్లో ఉన్నట్టు. చివర్లో ఆ నీళ్ళు మళ్ళీ వెలుగుతాయి. చేసిన తప్పునే ముడివేసి అందంగా కట్టేశారు. పెద్దవాడూ పిల్లవాడూ ఇద్దరూ ఇంకా పరుగులోనే ఉంటారు. బార్లో చావుతో భయం తీరిపోలేదు.

'ఇట్' ముగింపులో అంతా తీరిపోతుంది. బెవర్లీ, బెన్ పెళ్ళి చేసుకుంటారు. రిచీకి సినిమా అవకాశాలొస్తాయి. మాటాపలుకూ లేని భార్యను పాత సైకిలు మీద కూర్చోబెట్టుకుని బిల్ వేగంగా తొక్కితే, ఆమె కళ్ళు తెరుస్తుంది. చాలామంది ఈ సైకిలు ఘట్టాన్ని వెక్కిరిస్తారు. నేను వెక్కిరించను. రెండో సగం మొత్తంలో పిల్లతనం నిజంగా తిరిగొచ్చేది ఆ ఒక్క నిమిషమే. ముప్పై ఏళ్ళ కిందట తను తొక్కిన సైకిలునే బిల్ పెద్దవాడై తొక్కుతుంటాడు, రెండు వయసులూ ఒకే సీటు మీద కూర్చుంటాయి. ఆ నిమిషంలాగే రెండో రాత్రంతా తీసి ఉంటే సాలీడును ఎవరూ పట్టించుకునేవాళ్ళు కారు.

ఇంకొక్క సంగతి, ఇది చూసే పద్ధతి గురించి. 'సేలమ్స్ లాట్' రెండు సగాల మధ్య వారం రోజులు. తులసిదళం నవల ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్న రోజుల్లో వారం వారం ఎదురుచూసిన ఇళ్ళవాళ్ళకి ఆ ఏడు రోజులు ఏం చేస్తాయో చెప్పక్కర్లేదు. చదివింది ఒక పేజీ అయితే, చీకట్లో మంచినీళ్ళకు లేచినప్పుడు మనం కల్పించుకున్నవి పది పేజీలు. 'ఇట్'కి మధ్య ఒక్క రోజే. ఇప్పుడు దొరికే డీవీడీల్లో అదీ లేదు, రెండు భాగాలనూ ఒకటిగా అతికించేశారు. స్టాన్ ఇంటి గోడమీద నెత్తురు చూసిన రెండో నిమిషంలోనే పెద్దవాళ్ళు ఊళ్ళోకి దిగుతున్నారు. రెండో సగం మరీ తేలిపోయినట్టు కనబడటానికి అదీ ఒక కారణం. మా మేనల్లుడికి నేను ఒక రాత్రి విరామం ఇచ్చాను కాబట్టి వాడి విసుగు కొంచెం ఆలస్యంగా మొదలైంది.

నా ఓటు 1979 రెండో రాత్రికే, వంటింటి దృశ్యం ఒక్కటి చాలు. 'ఇట్' రెండో సగాన్ని మాత్రం చెత్తబుట్టలో వేయకండి. గ్రంథాలయం, ముసలావిడ తేనీరు, చివరి సైకిలు, ఈ మూడింటికోసం చూడండి. చూసేముందు మొదటి సగం దగ్గర ఆపి, ఒక వారం ఆగండి.